ఏడు లక్ష్యాల్లో ట్యాలీ ఒక్కటే అయింది.. కొత్త డైరీలో ఏం రాసుకోవాలి?

ప్రశ్న: మాది సింగరాయకొండ దగ్గర పల్లె. ఒంగోలులో బీకాం కంప్యూటర్స్ పూర్తిచేసి రెండేళ్లు కావస్తోంది. వయసు 22. ఈ ఏడాది జనవరి ఒకటిన డైరీలో ఏడు లక్ష్యాలు రాసుకున్నాను: బ్యాంకు ఉద్యోగం, గ్రూప్-2 (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష), స్పోకెన్ ఇంగ్లిష్, ట్యాలీ (అకౌంట్స్ సాఫ్ట్‌వేర్) కోర్సు, రోజూ పేపరు చదవడం, పొద్దున్నే నడక, ఫోన్ తగ్గించడం. ట్యాలీ తప్ప ఒక్కటీ కాలేదు. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ సంస్థ పెట్టే క్లర్క్ పరీక్షలో తొలి దశ, ప్రిలిమ్స్ కూడా పోయింది. నాన్న పొగాకు రైతు. 'ఇంకో ఏడాది చూద్దాంలేమ్మా' అంటున్నారు గానీ, ఇంట్లో సంబంధాల మాట మొదలైంది. కొత్త డైరీ కొన్నాను. ఏం రాయాలో తోచక టెన్షన్‌గా ఉంది.

జవాబు: డైరీ కాసేపు పక్కన పెట్టమ్మా. ముందు ఆ ట్యాలీ సంగతి మాట్లాడుకుందాం, నువ్వు దాన్ని ఒక్క ముక్కలో దాటేశావు. ఏడింటిలో అదొక్కటే ఎందుకయింది? నువ్వు రాయకపోయినా ఊహించగలను. ఫీజు కట్టావు, బ్యాచ్ టైముకు వెళ్లావు, మానేస్తే అడిగేవాళ్లున్నారు, కోర్సు ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలుసు. మిగతా ఆరింటికి ఇవేవీ లేవు. 'ఫోన్ తగ్గించాలి', 'పేపరు చదవాలి' లాంటివి ఎవరు రాసుకున్నా సంక్రాంతి పిండివంటల హడావుడిలోనే కొట్టుకుపోతాయి. దానికి నీ పట్టుదలను నిందించుకోనక్కర్లేదు.

గ్రూప్-2 అసలు ఒక ఏడాదిలో ఇమిడే లక్ష్యమే కాదు. మొన్నటిదే చూడు: నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. రెండు పరీక్షల మధ్యే దాదాపు ఏడాది గడిచిపోయింది. పైగా ఏపీ చరిత్ర, రాజ్యాంగం, ఎకానమీ చదివేవాళ్లకు బ్యాంకు పరీక్షకు కలిసొచ్చేది తక్కువ. పొద్దున శాతవాహనులు, సాయంత్రం లాభనష్టాలు చదివి చివరికి రెంటికీ చాలకుండా పోయినవాళ్లను చాలామందిని చూశాను. వచ్చే ఏడాది మటుకు గ్రూప్-2ను జాబితాలోంచి తీసేయ్. తర్వాత కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు, వయసు ఎక్కడికీ పోదు.

ఇక బ్యాంకు. 'పోయింది' అని రాశావు గానీ ఎక్కడ పోయిందో రాయలేదు. ఏడాది చివర కూర్చుని తేల్చుకోవాల్సింది అదే. క్లర్క్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ 30, న్యూమరికల్ 35, రీజనింగ్ 35 ప్రశ్నలు. ఒక్కోదానికి 20 నిమిషాలే, ఒకదాని టైం ఇంకోదానికి వాడుకోలేవు. తప్పుకు పావు మార్కు కోత. నువ్వు రాసిన పాత మాక్ టెస్టులన్నీ (సాధన కోసం రాసే నమూనా పరీక్షలు) తెరిచి ప్రతి తప్పు పక్కనా మూడింటిలో ఒకటి రాయి: తెలియదు, తెలిసీ తొందరలో తప్పాను, గుడ్డిగా పెట్టాను. ఒక మాక్‌లో 82 ప్రశ్నలు పెట్టి 58 రైటు, 24 తప్పు అనుకుందాం. కోత పోను 52 వస్తాయి. ఆ 24లో సగం తొందరపాటువని తేలితే, వాటిని సరిదిద్దుకుంటే చాలు, కొత్తగా ఒక్క చాప్టర్ చదవకుండానే 67కు చేరతావు. తప్పుల్లో ఎక్కువ 'తెలియదు' అయితే చేయాల్సిన పని పూర్తిగా వేరు. అప్పుడు మాక్‌లు ఆపి పుస్తకం పట్టాలి. ఈ లెక్క చూసుకోకుండా కొత్త కోచింగ్‌కు, అందులోనూ హైదరాబాద్ హాస్టల్‌కు డబ్బు పోయడం నాకు నచ్చదు.

ఇంగ్లిషే దెబ్బతీసిందని తేలితే ఇంకో దారి ఉంది. గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ ఉండదు. రీజనింగ్ 40, న్యూమరికల్ 40, మొత్తం 45 నిమిషాలు. మెయిన్స్‌లో ఇంగ్లిష్ గానీ హిందీ గానీ ఒకటి రాయాలి, కాబట్టి పూర్తిగా తప్పించుకోలేవు, కాస్త ఊపిరి పీల్చుకునే టైం దొరుకుతుంది అంతే. మన వైపు గ్రామీణ బ్యాంకును పెద్దవాళ్లు ఇప్పటికీ పినాకిని బ్యాంకు అంటారు గానీ, అది 2006లో ఆంధ్రా ప్రగతి అయింది, 2025 మే నుంచి రాష్ట్రమంతా ఒక్కటే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు.

కొత్త డైరీలో బ్యాంకు ఒక్కటే రాయి. ఐబీపీఎస్ ఏటా జనవరిలో పరీక్షల కేలెండర్ ఇస్తుంది. అది రాగానే ప్రిలిమ్స్ తేదీలు గోడ మీద పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకో. ఉగాదికి మొదలుపెడదాంలే అంటారు కొందరు, ఐబీపీఎస్‌కు పంచాంగంతో పనిలేదు! 'ఉద్యోగం తెచ్చుకోవాలి' అని రాయకు, అది కటాఫ్ చేతిలో ఉంది. నీ చేతిలో ఉన్నవి రాయి: వారానికి రెండు మాక్‌లు, ప్రతి తప్పుకూ కారణం, ఆదివారం ఆ తప్పుల కాగితం ఇంకొకరికి చూపించడం. నీతో ప్రిపేరయ్యే స్నేహితురాలైనా సరే. ట్యాలీకి సార్ ఉన్నట్టు దీనికీ అడిగే మనిషి ఉండాలి.

ట్యాలీ సర్టిఫికెట్‌ను బీరువాలో పెట్టేయకు. ఒంగోలులో ఆడిటర్ల ఆఫీసుల్లో, చీమకుర్తి గ్రానైట్ యూనిట్ల ఆఫీసుల్లో అకౌంట్స్ చూసేవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది. ముఖ్యంగా ప్రతి నెలా 11, 20 తేదీలకు జీఎస్టీ రిటర్నులు వేయాలి, ఆ ముందు రోజుల్లో ఆడిటర్లకు మనుషులు చాలరు. పూటపని దొరుకుతుందేమో అడుగు. జీతం మొదట్లో పెద్దగా ఉండదు. పని మాత్రం వస్తుంది, మధ్యాహ్నం నుంచి చదువుకోవచ్చు.

నాన్న 'ఇంకో ఏడాది' అంటున్నారు, అది ఎప్పటికి ముగుస్తుందో ఆయనకూ తెలియదు, నీకూ తెలియదు. నువ్వే చెప్పు: క్లర్క్, గ్రామీణ బ్యాంకు రెండింటి ప్రిలిమ్స్ ఫలితాలూ వచ్చేదాకా ఆగండి, ఒక్కదాంట్లోనూ గట్టెక్కకపోతే ఆ మరుసటి నెల నుంచి అకౌంట్స్‌లో ఫుల్‌టైం ఉద్యోగం చేస్తూనే రాస్తాను అని. క్లర్క్‌కు జనరల్‌లోనే 28 ఏళ్ల దాకా వయసుంది కాబట్టి తలుపు మూసుకుపోదు. సంబంధాల మాట వచ్చినా ఇదే గడువు చెప్పు. పొగాకు వేలాలు మొదలైతే ఆయనకు టంగుటూరు వేలం ప్లాట్‌ఫాం చుట్టూ తిరగడంతోనే సరిపోతుంది, సంక్రాంతికి ఇంటిపట్టున ఉన్నప్పుడే ఈ గడువు కాగితం మీద రాసి ముందు పెట్టి మాట్లాడు.