ల్యాప్‌టాప్ ఒకటి, యాంటీవైరస్‌లు రెండు: ఏ పని మానుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ చదివింది. అనంతపురంలో ఇంటి నుంచే బెంగళూరు కంపెనీ ఒకదానికి ఖాతాల పని చేస్తోంది. ఉదయం పూట ఇక్కడి ఆడిటర్ గారికి జీఎస్టీ రిటర్నులు చేసిపెడుతుంది. రెండింటికీ ల్యాప్‌టాప్ ఒకటే, అదీ మా సొంతది. తమ భద్రతా సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అని కంపెనీ అంటోంది. తమ ఆఫీసు కొన్న యాంటీవైరస్ ఉంటేనే ఫైళ్లు ఇస్తామని ఆడిటర్ గారు అంటున్నారు. షాపులో రెండూ వేయించాం. అప్పటి నుంచి ఖాతాలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికే నిమిషాలు పడుతోంది, కంపెనీ నుంచి హెచ్చరిక మెయిల్ కూడా వచ్చింది. ఇంకో ల్యాప్‌టాప్ కొనాలా, ఒక పని మానిపించాలా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: కొనే మాట తర్వాత చూద్దామండీ. బెంగళూరు కంపెనీ ఇచ్చిన నియామక పత్రం తీసి, వేరేచోట పని చేయడం గురించి అందులో ఏం రాశారో ముందు అమ్మాయిని చదవమనండి. అనుమతి లేకుండా మరో పని చేయకూడదన్న షరతు చాలా కంపెనీల పత్రాల్లో ఉంటుంది. అలాంటి షరతు ఉండి, ఆడిటర్ గారి పని సంగతి కంపెనీకి తెలియకపోతే, మీ అసలు సమస్య యాంటీవైరస్ కాదు. కంపెనీలు వేయించే ఇలాంటి సాఫ్ట్‌వేర్ చాలావరకు ఆ కంప్యూటర్‌లో ఏయే ప్రోగ్రాములు ఉన్నాయో ఐటీ విభాగానికి తెలియజేస్తుంది. రెండో యాంటీవైరస్ వాళ్ల కంట ఇప్పటికే పడి ఉండవచ్చు. వాళ్లు నిలదీసి అడిగేలోపు తానే చెప్పడం మేలు.

షరతు అడ్డు కాదనుకుందాం. రెండుంటే రెట్టింపు భద్రత అని షాపులో చెప్పి ఉంటారు. అది తప్పు. ఫైలు తెరిచిన ప్రతిసారీ విండోస్ లోపలే ఆపి పరీక్షించడం యాంటీవైరస్ పని. రెండు ఉన్నప్పుడు ఒకే ఫైలును రెండూ పట్టుకుంటాయి. ఒకటి పరీక్ష కోసం తెరిస్తే, రెండోది దాన్నీ పరీక్షించబోతుంది. టాలీ తన డేటాను ఒకే ఫైలుగా కాక అనేక ఫైళ్లుగా దాచుకుంటుంది కాబట్టి ఆ దెబ్బ ముందుగా దానికే తగులుతుంది. ఒక్కోసారి ఒక యాంటీవైరస్ తన దగ్గర పెట్టుకున్న వైరస్ నమూనాలనే రెండోది వైరస్ అనుకుంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్ సైతం, మరో యాంటీవైరస్ తన పేరు నమోదు చేసుకోగానే సాధారణంగా పక్కకు తప్పుకుంటుంది.

వేరే యూజర్ ఖాతా తెరిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. యాంటీవైరస్ యంత్రం మొత్తానికి వర్తిస్తుంది, ఖాతాకు కాదు. వర్చువల్ మెషీన్, అంటే ల్యాప్‌టాప్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్, పెట్టుకోవచ్చు గానీ 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద రెండు విండోస్‌లు నడపడం రోజువారీ నరకం. పైగా దానికీ కంపెనీ ఒప్పుకోవాలి.

ఇద్దరిలో ఎవరు వంగగలరు? కంపెనీ వంగదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం డేటాకు తగిన రక్షణ కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఒక్క ఉద్యోగి కోసం నిబంధన సడలించే అధికారం మీ అమ్మాయి మేనేజరుకు ఉండదు. ఆడిటర్ గారు అయితే ఎదురుగా కూర్చుని మాట్లాడగలిగే మనిషి. ఆయనకు కావలసింది ఫలానా బ్రాండు కాదు, తన క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు బయటకు పోకపోవడం. అందుకని ఆయన పని ఆయన ఆఫీసు కంప్యూటర్ మీదే, ఉదయం అక్కడికే వెళ్లి చేస్తానని అడగమనండి. ఊళ్లోనే కదా. ఇంట్లో కూర్చునే సౌకర్యం పోతుంది, నిజమే. కానీ ఆ క్లయింట్ల కాగితాలు కంపెనీ సాఫ్ట్‌వేర్ నిఘాలో ఉన్న ల్యాప్‌టాప్‌లో ఉండటం ఆయనకూ మంచిది కాదు. అనుమానం కలిగిన ఫైళ్ల నమూనాలను తయారీదారు సర్వర్లకు పంపే యాంటీవైరస్‌లు ఉన్నాయి. ఈ మాట చెబితే ఆయనే ముందు ఒప్పుకుంటారని నా అంచనా. రిటర్నుల మీద డిజిటల్ సంతకం పెట్టేటప్పుడు యాంటీవైరస్ అడ్డొస్తే, దాన్ని ఆపేసి పని కానిచ్చే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. మీ ఇంట్లోని యంత్రం మీద అలా చేస్తే కంపెనీ ఊరుకోదు.

ఆయన ఒప్పుకున్నాక ఆయన యాంటీవైరస్‌ను తీసేయాలి. కంట్రోల్ ప్యానెల్ నుంచి తొలగించినా కొన్నిసార్లు ముక్కలు మిగిలిపోతాయి. వాటి కోసం తయారీదారులే ప్రత్యేక తొలగింపు ప్రోగ్రామును తమ సైటులో ఇస్తారు. తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, విండోస్ సెక్యూరిటీలో ఏ యాంటీవైరస్ పని చేస్తోందో చూసుకుంటే చాలు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను మాత్రం మీ అంతట మీరు ముట్టుకోకండి, షాపులోనూ ముట్టుకోనివ్వకండి. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లు విండోస్‌లో ఎంత లోతున కూర్చుంటాయో 2024 జులై 19న లోకం చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది.

హెచ్చరిక మెయిల్‌కు జవాబు ఈరోజే పోవాలి. పొరపాటున రెండో యాంటీవైరస్ వేశాం, తీసేశాం, ఇప్పుడు యంత్రం మీ నిబంధనలకు సరిపోతోందో లేదో చూడండి అని నాలుగు వాక్యాలు చాలు. అదే మెయిల్‌లో రెండు ప్రశ్నలు కూడా అడగమనండి: ఈ సాఫ్ట్‌వేర్ నా సొంత ల్యాప్‌టాప్‌లో ఏమేం చూస్తుంది? కంపెనీ ల్యాప్‌టాప్ గానీ, మీ కంప్యూటర్‌ను ఇంటర్నెట్ ద్వారా దూరం నుంచి వాడుకునే వీలు గానీ ఇవ్వగలరా? కొత్తగా చేరిన పిల్లలు ఇలా అడగడానికి జంకుతారు. పనిముట్టు ఇమ్మని యజమానిని అడగడం తప్పు కాదు, అడిగినందుకు సాధారణంగా ఎవరూ ఉద్యోగం తీయరు.

కంపెనీ ఏదీ ఇవ్వలేనంటే, ఆడిటర్ గారు కూడా ససేమిరా అంటే అప్పుడు కొనండి. ఆడిటర్ గారి పనికి సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ చాలు. అయితే విండోస్ 11 నడవని పాత యంత్రాన్ని చవకగా వస్తోందని తీసుకోకండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తోనే ముగిసింది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉన్నది అడగండి.

మానేయడం గురించి: జీతం పెద్దదని కంపెనీని ఉంచుకుని ఆడిటర్ గారిని వదిలేయమని నేను చెప్పను. రిటర్నుల అనుభవం ఆ ఆఫీసులో దొరికినట్టు కంపెనీ ఖాతాల పనిలో దొరకదు. ఖాతాలూ కంప్యూటర్ భద్రతా రెండూ తెలిసినవారికి సమాచార వ్యవస్థల ఆడిట్ అనే దారి ఉంది. అందులో పేరున్న సీసా (CISA – సర్టిఫైడ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఆడిటర్) సర్టిఫికెట్‌కు మామూలుగా 5 ఏళ్ల అనుభవం కావాలి, పరీక్ష మాత్రం ముందే రాయవచ్చు. ఈ గొడవలో అమ్మాయికి చిరాకు కన్నా ఆసక్తి ఎక్కువ కలిగిందో లేదో ఒకసారి అడిగి చూడండి. కలిగి ఉంటే ఆ పరీక్ష సిలబస్ చదవడం మొదలుపెట్టమనండి.