ఇన్సులిన్ సంచీ, మూడు పుస్తకాలు

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. నాకు 61 ఏళ్లు. చెన్నై పెరంబూరులో ఉంటాం. పదిహేనేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా రెండు పూటలా ఇన్సులిన్. జూన్‌లో నెల రోజులు లండన్ రమ్మని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. ‘అక్కడ ఏమైనా అయితే?’ అని మావారికి ఒకటే టెన్షన్. నా బెంగ వేరు. రెండు రోజులు తిరిగితే మూడో రోజు నేను లేవలేను. పుస్తకం పట్టుకుని కూర్చోవడం నాకిష్టం. అంత డబ్బు పోసి వెళ్లి గదిలో చదువుకుంటూ కూర్చుంటే పిల్లాడు నొచ్చుకోడా?
- ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: వెళ్లి రండమ్మా. ఈ మైలాపూరు ఇంట్లో కూర్చుని ఇలాగే భయపడి నేను రెండేళ్లు వాయిదా వేశాను. ఆఖరికి 2018 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లి ఐదు వారాలు ఉండి వచ్చాను. ఇన్సులిన్ వాడకం నాకు ఇరవై రెండేళ్లుగా ఉంది.

ఇన్సులిన్ అంతా చేతిసంచీలోనే ఉండాలి. కింద లగేజీలో వేస్తే గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిందంటే, కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా పారేయాల్సిందే. ఈ సంగతి నాకు మా అమ్మాయి వంటింట్లో తెలిసొచ్చింది. ఫ్రిజ్‌లో పై అరలో, లోపలి గోడకి ఆనించి పెట్టాను. నాలుగో రోజు నుంచి షుగర్ 280, 310. అన్నం తగ్గించాను, నడక పెంచాను, అయినా దిగదే! రెండు రోజులు అలా కొట్టుకున్నాక డబ్బా బయటికి తీసి చూస్తే, గోడవైపు అట్ట తడిసి ఉబ్బి ఉంది, మడతలో సన్నటి మంచు పలుకులు. ఇంకో సంచీలో విడిగా పెట్టిన మందు ఆ రోజు నన్ను కాపాడింది. అందుకే కావలసినదానికి రెట్టింపు పట్టుకెళ్లండి, రెండు సంచుల్లో పెట్టండి. రెండూ మీ చేతిలోనే ఉండాలి. అక్కడ ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకుంటే చాలు.

మీరు వాడేది సీసా, సిరంజి అయితే ఇది జాగ్రత్తగా చదవండి. మన దగ్గర సీసాల్లో దొరికేది ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్. అక్కడ ఇచ్చేది 100 యూనిట్లది. ఆ మందుని ఇక్కడి సిరంజితో గీత చూసి ఎక్కించుకుంటే రెండున్నర రెట్లు లోపలికి వెళ్తుంది. ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడి మందుకి ఇక్కడి సిరంజే వాడాలి, కాబట్టి సిరంజిలు కూడా ఇక్కణ్ణుంచే సరిపడా తీసుకెళ్లండి. అక్కడి మీటరు అంకె చూసి కంగారు పడకండి, దాన్ని 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. 5.5 అంటే మన 100. 3.9 అంటే 70, వెంటనే నోట్లో తీపి పడాలి.

డాక్టరుగారి ఉత్తరం, కంపెనీ పేర్లు కాకుండా మందుల అసలు (జెనరిక్) పేర్లతో చీటీ దగ్గర ఉంచుకోండి. జూన్‌లో వాళ్లు మనకంటే నాలుగున్నర గంటలు వెనక, కాబట్టి ఆ రోజు మీకు సాగిపోతుంది. టిక్కెట్టు చూపించి ఏ డోసు ఎప్పుడో డాక్టరు చేతే రాయించుకోండి. విమానంలో భోజనం ట్రే ముందుకి వచ్చేదాకా ఇంజెక్షన్ వేసుకోవద్దు. ఇన్సూరెన్స్‌లో షుగర్ ఉందని దాచకండి.

ఇక మీ అసలు బెంగ. నేను ముప్పై ఏళ్లు పిల్లలకి ఇంగ్లీషు చెప్పాను, ఏటా ఇంగ్లీషు కవి జాన్ కీట్స్ పద్యాలు ఉండేవి. అందుకే లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో ఆయన ఉన్న ఇల్లు చూడాలని ఒక్కటే కోరిక. చివరి చడావు ఎక్కేసరికి చేతులు వణికాయి, మీటరులో 64. తోటలో బెంచీ మీద కూర్చుని గ్లూకోజు నోట్లో వేసుకున్నాను. ఆ తర్వాత మేడ ఎక్కే ఓపిక లేకపోయింది. అమ్మాయి లోపలికి వెళ్లింది, నేను సంచీలోంచి ఆయన పద్యాల పుస్తకం తీసుకున్నాను.

వైద్యం చదివిన మనిషి కీట్స్. 1820 ఫిబ్రవరిలో ఒక రాత్రి, ఆ ఇంట్లోనే, దగ్గితే పడ్డ రక్తపు చుక్కని దీపం తెప్పించుకుని చూసి, తన జబ్బేమిటో తనే గుర్తుపట్టాడు. ఇటలీ గాలికి నయమవుతుందని ఓడెక్కించారు. నేపుల్స్ చేరాక కూడా పది రోజులు ఓడ దిగనివ్వలేదు, క్వారంటైన్. పాతికేళ్లు నిండిన నాలుగు నెలల్లోపే రోమ్‌లో పోయాడు. ఆయన క్షయకి ఆనాడు మందే లేదు. నా జబ్బుకి మాత్రం 1922 నుంచీ ఇన్సులిన్ ఉంది, నా సంచీలోనూ ఉంది. పుస్తకం మూసి చాలాసేపు ఆ సంచీని తడుముతూ కూర్చున్నాను. పాతికేళ్లకే పోయిన ఆ పిల్లవాడి కోసం ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా ఆయన పద్యాలు నాకు అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. ఐదు వారాల్లో నాకు బాగా గుర్తున్నది ఆ బెంచీయే. టవర్ బ్రిడ్జి దగ్గర దిగిన ఫొటో ఉంది గానీ, అక్కడేం చూశానో చెప్పలేను.

మీ అబ్బాయికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి: ‘నాన్నా, ఒక రోజు తిరుగుతాను, ఒక రోజు చదువుకుంటాను.’ టిక్కెట్లు కొనేశాక చెబితే నొచ్చుకుంటాడు, ముందే చెబితే ప్లాన్ దానికి తగ్గట్టు వేస్తాడు. పుస్తకాలు మూడు చాలు. సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్లో తేలికపాటి పాత పుస్తకాలు ఏరుకోండి, బరువు కలిసొస్తుంది.

మీవారి భయం మాటలతో పోదమ్మా. మీటరు ఎలా చూడాలో, మీకు చెమటలు పట్టి మాట తడబడితే ముందు ఏం చెయ్యాలో ఆయనకి నేర్పండి. స్పృహలో ఉంటే తీపి తినిపించాలి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చెయ్యాలి. ఈ ఆదివారం పొద్దున మీ వేలికి సూది ఆయన్నే గుచ్చమనండి.