పేజ్ లేఅవుట్, కాంపాక్ట్ లేఅవుట్, లైట్నింగ్ పేజ్: డెవలపర్ పరీక్షకి ఇవన్నీ చదవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: శ్రీకాకుళంలో బీటెక్ అయిపోయింది, సేల్స్‌ఫోర్స్ (కంపెనీలు తమ కస్టమర్ల వివరాలు చూసుకునే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్) ప్లాట్‌ఫామ్ డెవలపర్ 1 సర్టిఫికెట్ పరీక్షకి చదువుతున్నారు. ఎపెక్స్ (సేల్స్‌ఫోర్స్ సొంత కోడింగ్ భాష), ట్రిగ్గర్లు (రికార్డు మారినప్పుడు దానంతట అదే నడిచే కోడ్) పర్వాలేదు. కానీ రికార్డు తెర మీద ఏది ఎక్కడ సెట్ చేయాలి అనే ప్రశ్న వస్తే నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తున్నాయి. కోడ్ రాసేవాళ్ల పరీక్షకి ఈ క్లిక్కుల గోల ఎందుకు, వదిలేయొచ్చా అని అడిగారు.

వదలొద్దు. నేనూ మీ జిల్లానే, పలాస. అమీర్‌పేట కోచింగ్ జోలికి పోకుండా ఇంట్లోనే చదివి రాశాను. 60 ప్రశ్నలు, 105 నిమిషాలు, పాసవ్వాలంటే 68 శాతం, అంటే 41 సరిగ్గా పెట్టాలి. నేను రాసినప్పటి సిలబస్‌లో యూజర్ ఇంటర్‌ఫేస్‌ వాటా 25 శాతం. లేఅవుట్ గురించి సూటిగా అడిగేవి అందులో తక్కువే. కానీ ఒక సన్నివేశం ఇచ్చి, ఒక ఆప్షన్‌లో లేఅవుట్ (తెర మీద ఫీల్డుల అమరిక), ఇంకోదాంట్లో ఫీల్డ్ లెవెల్ సెక్యూరిటీ (ఏ ఫీల్డు ఎవరు చూడొచ్చో తేల్చే సెట్టింగు), ఇంకోదాంట్లో ఎపెక్స్ క్లాసు పెడతారు. క్లిక్కులతో అయ్యే పని ఏదో తెలియనివాళ్లు నేరుగా కోడ్ ఉన్న ఆప్షన్ మీదకి వెళ్లిపోతారు. పరీక్ష పెట్టేవాళ్లు కోరుకునేది సరిగ్గా అదే.

ఇవి చదివితే గుర్తుండవు. ఉచితంగా వచ్చే డెవలపర్ ఎడిషన్ ఆర్గ్ (మీకంటూ ఒక సేల్స్‌ఫోర్స్ ఖాతా) ఒకటి తీసుకుని, మీకు బాగా తెలిసిన వ్యాపారం ఒకటి అందులో పెట్టండి. ట్రైల్‌హెడ్‌లో (సేల్స్‌ఫోర్స్ వాళ్ల పాఠాల సైటు) చూపించే ఇళ్ల అమ్మకాల ఉదాహరణ నాకు అస్సలు ఎక్కలేదు. మా వీధిలో ఎటు చూసినా జీడి వ్యాపారమే కాబట్టి ‘సరుకు’ అని ఒక కస్టమ్ ఆబ్జెక్ట్ (మనం సొంతంగా చేసుకునే డేటా పట్టిక) చేశాను. దానికి రెండు రికార్డ్ టైపులు (ఒకే ఆబ్జెక్ట్‌లో రికార్డుల రకాలు): పిక్కల కొనుగోలు, పప్పు అమ్మకం. కొనుగోలుకి రైతు పేరు, ఎన్ని బస్తాలు (మా దగ్గర బస్తా అంటే 80 కిలోలు), బస్తా ధర. అమ్మకానికి గ్రేడు (180, 210, 240, 320), గుండా బద్దా (మొత్తం పప్పా, విడిపోయిందా), ఎన్ని డబ్బాలు, పార్టీ పేరు. ప్రొఫైళ్లు (ఏ యూజర్‌కి ఏ హక్కులో చెప్పేవి) కూడా రెండే: యజమాని, గుమస్తా. డెవలపర్ ఎడిషన్‌లో రెండో యూజర్‌ని చేసుకునే వీలుంది. స్టాండర్డ్ యూజర్ ప్రొఫైల్‌ని క్లోన్ చేసి గుమస్తాకి ఇవ్వండి. సెటప్‌లో లాగిన్ యాక్సెస్ పాలసీస్‌కి వెళ్లి, అడ్మిన్ ఏ యూజర్‌గానైనా లాగిన్ అయ్యే సెట్టింగు ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడగకుండానే గుమస్తా తెర మీరు చూడొచ్చు. ఈ రెండో యూజర్ లేకుండా ఈ చాప్టర్ చదవడం దండగ. అడ్మిన్‌గా చూస్తే అన్నీ కనిపిస్తాయి, ఏ సెట్టింగు పనిచేసిందో తెలియదు.

ఇప్పుడు పేజ్ లేఅవుట్. పేజ్ లేఅవుట్ అసైన్‌మెంట్ తెర తెరిస్తే ఒక పట్టిక వస్తుంది: నిలువుగా ప్రొఫైళ్లు, పైన అడ్డంగా రికార్డ్ టైపులు. మన లెక్కలో గుమస్తా వరసకీ, పిక్కల కొనుగోలు నిలువుకీ కలిసే గడిలో ఒక లేఅవుట్ పేరు ఉంటుంది. రికార్డ్ టైపూ ప్రొఫైలూ కలిస్తేనే లేఅవుట్ ఏదో తేలుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. రికార్డ్ టైపుని పర్మిషన్ సెట్ (ప్రొఫైల్‌కి తోడు ఇచ్చే అదనపు హక్కుల కట్ట) ద్వారా కూడా ఇవ్వొచ్చు, కానీ లేఅవుట్ కేటాయింపు మాత్రం ప్రొఫైల్‌తోనే జరుగుతుంది. ఆప్షన్లలో ‘పర్మిషన్ సెట్‌తో లేఅవుట్ కేటాయించాలి’ అని కనిపిస్తే దాన్ని కొట్టేయండి.

యజమాని ఎంతకి కొన్నాడో గుమస్తాకి తెలియకూడదు అనుకుందాం. గుమస్తా లేఅవుట్‌లోంచి బస్తా ధర తీసేయండి. గుమస్తాగా లాగిన్ అయి రికార్డు తెరవండి, ధర లేదు. పని అయిపోయిందనిపిస్తుంది. అదే లాగిన్‌లో ఒక రిపోర్టు చేసి బస్తా ధర కాలమ్ లాగండి. ఒక్కో బస్తా ఎంతకి కొన్నారో పై నుంచి కింద వరకు వరసగా వచ్చేస్తుంది. లిస్ట్ వ్యూలోనూ అంతే, ఏపీఐ ద్వారా అడిగినా అంతే. లేఅవుట్‌లోంచి తీయడం అంటే ఆ ఒక్క తెర మీద నుంచి తీయడమే. హక్కు తీయాలంటే ఫీల్డ్ లెవెల్ సెక్యూరిటీలో ఆ ప్రొఫైల్‌కి ‘విజిబుల్’ టిక్ తీయాలి. అది తీసి మళ్లీ రిపోర్టు తెరవండి, కాలమ్ ఉండదు. ఈ ఒక్క ప్రయోగం మీ చేత్తో మీరు చేస్తే, నాకు తెలిసి ఈ టాపిక్‌లో వచ్చే ప్రశ్నల్లో సగం వాటంతట అవే విడిపోతాయి. ప్రశ్నలో ‘ఎక్కడా కనిపించకూడదు’, ‘రిపోర్టులతో సహా’ లాంటి మాటలుంటే లేఅవుట్ ఆప్షన్ చదవనే అక్కర్లేదు.

తప్పనిసరి ఫీల్డు సంగతీ ఇంతే. లేఅవుట్‌లో రిక్వైర్డ్ అని పెడితే ఆ తెర మీద ఖాళీగా వదలనివ్వదు, డేటా లోడర్‌తో (ఒకేసారి బోలెడు రికార్డులు ఎక్కించే టూలు) ఎక్కిస్తే మాత్రం ఖాళీగానే వెళ్లిపోతుంది. అన్ని దారుల్లోనూ ఆగాలంటే ఫీల్డు నిర్వచనంలోనే రిక్వైర్డ్ పెట్టాలి, లేదా వాలిడేషన్ రూల్ (సేవ్ చేసేటప్పుడు సరిచూసే షరతు) రాయాలి. లేఅవుట్‌లో రిక్వైర్డ్, ఫీల్డ్ లెవెల్ సెక్యూరిటీలో రీడ్ ఓన్లీ అని ఉంటే? రెంటిలో ఏది ఎక్కువ బిగిస్తుందో అదే చెల్లుతుంది, కాబట్టి రీడ్ ఓన్లీ.

కాంపాక్ట్ లేఅవుట్‌కి అరపూట కూడా పెట్టొద్దు. రికార్డు పైన కనిపించే ముఖ్యమైన ఫీల్డుల పట్టీ అది. మొత్తం 10 ఫీల్డులు పెట్టుకోవచ్చు, కంప్యూటర్ తెర మీద మొదటి 7, ఫోన్ యాప్‌లో మొదటి 4 కనిపిస్తాయి. అందుకే వరస ముఖ్యం. లాంగ్ టెక్స్ట్, రిచ్ టెక్స్ట్, మల్టీ సెలెక్ట్ పిక్‌లిస్ట్ ఇందులోకి రావు. కేటాయింపు రికార్డ్ టైపుని బట్టే, ప్రొఫైల్ ఊసు లేదు. పేజ్ లేఅవుట్‌కీ దీనికీ ఉన్న ఈ తేడానే మెలికలు పెట్టి అడుగుతారు.

లైట్నింగ్ రికార్డ్ పేజ్ అంటే వీటన్నిటినీ అమర్చే చట్రం. యాప్ బిల్డర్‌లో (పేజీని క్లిక్కులతో అమర్చుకునే తెర) చేసి యాక్టివేట్ చేసేటప్పుడు మూడు మెట్లు అడుగుతుంది: ఆర్గ్ మొత్తానికి డిఫాల్ట్, ఒక యాప్‌కి డిఫాల్ట్, లేదా యాప్, రికార్డ్ టైప్, ప్రొఫైల్ మూడూ కలిపి. మూడూ కలిపి ఇచ్చినదే మిగతావాటి మీద గెలుస్తుంది. పాత పద్ధతిలో ‘రికార్డ్ డీటెయిల్’ అనే ఒక్క కాంపొనెంటు పేజ్ లేఅవుట్‌ని తెచ్చి అలాగే చూపిస్తుంది. డైనమిక్ ఫామ్స్ పెట్టుకుంటే ఒక్కో ఫీల్డునీ యాప్ బిల్డర్‌లోనే అమర్చి, ‘గ్రేడు 180 అయితేనే ఈ సెక్షన్ చూపించు’ లాంటి షరతులు రాయొచ్చు. అలా మార్చాక పేజ్ లేఅవుట్‌లో కొత్త ఫీల్డు కలిపి, పేజీలో రావట్లేదేంటని కూర్చుంటే రాదు. మామూలు రిలేటెడ్ లిస్టుల (ఈ రికార్డుకి సంబంధించిన వేరే రికార్డుల జాబితాలు) కాలమ్‌లకి మాత్రం పాత లేఅవుట్ ఇంకా కావాలి. ఈ షరతులు కూడా చూపించడానికే, దాచిపెట్టడానికి కాదు. ధర సంగతి ఇక్కడా ఫీల్డ్ లెవెల్ సెక్యూరిటీనే చూసుకోవాలి.

ఇదంతా కోడ్‌తో ఎక్కడ కలుస్తుందంటే, లైట్నింగ్-రికార్డ్-ఫామ్ (కోడ్‌లో వాడుకునే రెడీమేడ్ ఫారం) దగ్గర. దానికి లేఅవుట్-టైప్ అని ఒక ఆట్రిబ్యూట్ ఉంది, ‘ఫుల్’ ఇస్తే పేజ్ లేఅవుట్ ఫీల్డులు, ‘కాంపాక్ట్’ ఇస్తే కాంపాక్ట్ లేఅవుట్ ఫీల్డులు వస్తాయి. రికార్డ్-ఎడిట్-ఫామ్, రికార్డ్-వ్యూ-ఫామ్ తీసుకుంటే ఫీల్డుల అమరిక మన చేతిలో ఉంటుంది. మూడూ లైట్నింగ్ డేటా సర్వీస్ (రికార్డులు తెచ్చి, సేవ్ చేసే సేల్స్‌ఫోర్స్ సొంత ఏర్పాటు) మీద నడుస్తాయి కాబట్టి ఫీల్డ్ లెవెల్ సెక్యూరిటీని వాటంతట అవే పాటిస్తాయి, ఎపెక్స్ రాయక్కర్లేదు. అదే మీరు సిస్టమ్ మోడ్‌లో (యూజర్ హక్కులు చూడకుండా) నడిచే ఎపెక్స్ క్వెరీతో బస్తా ధర తెచ్చి కాంపొనెంటులో చూపించారనుకోండి, ఇందాక అంత కష్టపడి దాచిన ధర గుమస్తా ముందుకి వచ్చేస్తుంది. ఎపెక్స్‌లో యూజర్ హక్కుల్ని పాటింపజేసే విత్ యూజర్ మోడ్, స్ట్రిప్ ఇన్‌యాక్సెసిబుల్ అనేవి ఉన్నది ఇందుకే. ఈ ప్రశ్న సెక్యూరిటీ పేరుతో వస్తుంది, మూలం మాత్రం ఇక్కడే. అలాగే మీరు రాసిన కాంపొనెంటు యాప్ బిల్డర్ పట్టీలో కనిపించకపోతే మెటా ఎక్స్ఎంఎల్ ఫైలు చూడండి: ఈజ్ ఎక్స్‌పోజ్డ్ ట్రూ ఉండాలి, టార్గెట్‌లలో రికార్డ్ పేజ్ ఉండాలి.

విజువల్‌ఫోర్స్‌లో (సేల్స్‌ఫోర్స్‌లో పేజీలు రాసే పాత పద్ధతి) రెండు సంగతులు చాలు. ఎపెక్స్-డీటెయిల్ ట్యాగు పేజ్ లేఅవుట్‌నే చూపిస్తుంది. ఇన్‌పుట్-ఫీల్డ్ ఫీల్డు హక్కుల్ని గౌరవిస్తుంది, ఇన్‌పుట్-టెక్స్ట్‌కి ఆ పట్టింపు లేదు.

డంప్స్ (బయట అమ్మే పరీక్ష ప్రశ్నలు, జవాబులు) కొనమని ఎవరో చెప్పారని చివర్లో రాశారు. కొనొద్దు. అందులో జవాబులే తప్పులు ఉంటాయి, పైగా పరీక్ష ఒప్పందానికి విరుద్ధం, తెలిస్తే సర్టిఫికెట్ రద్దు చేస్తారు. ఆ డబ్బుతో ఇంటర్నెట్‌కి ఇంకో రీచార్జి వేయించుకుని, గుమస్తా లాగిన్‌తో ఆ ధర రిపోర్టు ఈ రోజే చేసి చూడండి. డైనమిక్ ఫామ్స్‌కి మార్చేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్‌షాట్ పెట్టండి, చూస్తాను.