నాలుగేళ్లలో నాలుగు కంపెనీలు: రెజ్యూమెను ఉద్యోగమిచ్చేవారు ఎలా చదువుతారు?

ప్రశ్న: మా అబ్బాయి 2021లో బి.టెక్ పూర్తిచేసి, అదే ఏడాది చివర్లో హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో చేరాడు. మొదటి కంపెనీలో పద్నాలుగు నెలలు, రెండోదాంట్లో ఏడు, మూడోదాంట్లో పదిహేను నెలలు పనిచేసి ఇప్పుడు నాలుగో కంపెనీలో ఉన్నాడు. ఇక్కడ చేరి ఏడాది దాటింది. ఇటీవల ఒక పెద్ద కంపెనీ ‘స్టెబిలిటీ లేదు’ అని తిరస్కరించింది. మరో కంపెనీ 35 శాతం హైక్‌తో ఆఫర్ ఇస్తోంది. ఆ ఏడు నెలల ఉద్యోగాన్ని రెజ్యూమెలోంచి తీసేయమని స్నేహితులు సలహా ఇస్తున్నారట. నేను విద్యుత్ శాఖలో ముప్పై రెండేళ్లు ఒకే కొలువు చేసినవాణ్ణి. కంపెనీలు ఇవన్నీ నిజంగా పట్టించుకుంటాయా? వాడు మారడం మంచిదేనా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పట్టించుకుంటాయి. అయితే ప్రైవేటు యాజమాన్యాలు దీన్ని విశ్వాసానికో, కృతజ్ఞతకో సంబంధించిన విషయంగా చూడవు. తాము పెట్టిన ఖర్చు తిరిగి వస్తుందా లేదా అని లెక్క వేసుకుంటాయి. ఒక టెస్టింగ్ ఇంజినీరును తీసుకోవాలంటే కన్సల్టెన్సీకి రుసుము చెల్లించాలి, పాత కంపెనీలో నోటీస్ పీరియడ్ ముగిసేదాకా, అంటే చాలాచోట్ల మూడు నెలలు, ఎదురుచూడాలి. చేరిన తర్వాత కూడా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, క్లయింట్ అనుమతులు, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ (పాతవారి నుంచి పని వివరాలు తెలుసుకోవడం) పూర్తయి, అతని పని మీద క్లయింటుకు బిల్లు వేయడం మొదలయ్యేసరికి మరికొంత కాలం గడుస్తుంది. ఈ లెక్కలో చూసినప్పుడు మీ అబ్బాయి రెజ్యూమెలో ఇబ్బంది పెట్టేది నాలుగు అనే అంకె కన్నా ఏడు అనే అంకె. మూడు నెలల నోటీసు ఇచ్చాడనుకుంటే, అతను చేరిన నాలుగో నెలలోనే రాజీనామా చేశాడని ఏ రిక్రూటరైనా క్షణంలో పోల్చుకుంటారు.

మొదటి మార్పును ఎవరూ తప్పుపట్టరు. 2022లో ఐటీ రంగమంతా అదే పనిలో ఉంది. ఆ ఏడాది జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్ అట్రిషన్ (ఏడాదిలో ఉద్యోగం మానేసి వెళ్లినవారి శాతం) 28.4 శాతానికి, సెప్టెంబరు త్రైమాసికంలో టీసీఎస్ అట్రిషన్ 21.5 శాతానికి చేరాయి. రెట్టింపు జీతాలకు పిలిచి మరీ తీసుకున్న రోజులవి కాబట్టి, అప్పుడు మారినవారిని ఈ రోజు ప్రశ్నిస్తున్న మేనేజర్లలో కొందరు తామూ ఆ అలలో మారినవారే. కానీ 2024 మార్చి నాటికి ఈ రెండు కంపెనీల్లోనూ అట్రిషన్ పన్నెండున్నర శాతం దరిదాపులకు దిగివచ్చింది. మీ అబ్బాయి రెండో, మూడో మార్పులు ఆ అల తగ్గుముఖం పట్టాక జరిగినవి కనుక, వాటికి కారణం అతనే చెప్పాలి, కాలం చెప్పదు.

అందరూ ఒకేలా చూడరన్నది కూడా నిజమే. నిధులు వచ్చి హడావిడిగా మనుషుల్ని తీసుకుంటున్న స్టార్టప్‌కు రేపటి నుంచి పని చేయగలవాడు దొరికితే చాలు. బ్యాంకింగ్, బీమా క్లయింట్లతో ఏళ్ల తరబడి సాగే ప్రాజెక్టులున్న సర్వీస్ కంపెనీలు, హైదరాబాద్‌లో విస్తరిస్తున్న విదేశీ సంస్థల గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు (ఆ సంస్థల సొంత పనిని ఇక్కడి నుంచి చేసే కార్యాలయాలు) మాత్రం ఒక అభ్యర్థి కనీసం ఒక ప్రాజెక్టును మొదటి నుంచి చివరి రిలీజ్ (సాఫ్ట్‌వేర్‌ను వాడకానికి విడుదల చేయడం) దాకా చూశాడా అని వెతుకుతాయి. పద్నాలుగు, ఏడు, పదిహేను నెలల ఉద్యోగాల్లో ఆ అవకాశం తక్కువ. ‘స్టెబిలిటీ లేదు’ అన్న మాటకు లోపలి అర్థం సాధారణంగా ఇదే: పని నేర్చుకున్నాడు గానీ, తను చేసినదాని ఫలితం చూసేదాకా ఎక్కడా లేడు. థర్డ్ పార్టీ పేరోల్ మీద, అంటే జీతం ఒక కంపెనీ ఇస్తుంటే పని మరో కంపెనీకి చేసేవారి విషయం వేరు. ఒకే క్లయింటు దగ్గర కూర్చున్నా పేరోల్ కంపెనీ మారితే కాగితం మీద ఉద్యోగం మారినట్టు కనబడుతుంది. మీ అబ్బాయి మార్పుల్లో ఏదైనా అటువంటిదైతే క్లయింటు పేరు, ప్రాజెక్టు కాలం రెజ్యూమెలో స్పష్టంగా రాయాలి. అన్యాయంగా పోయే అవకాశాల్లో చాలావాటిని ఆ ఒక్క వాక్యం కాపాడుతుంది.

ఇక స్నేహితుల సలహా. దయచేసి దాన్ని ఒప్పుకోనివ్వకండి. 2014 నుంచి ప్రావిడెంట్ ఫండ్ సభ్యులకు యూఏఎన్, అంటే కంపెనీ మారినా మారని ఒకే సంఖ్య, ఉంది. కంపెనీ మారిన ప్రతిసారీ కొత్త మెంబర్ ఐడీ వచ్చి అదే యూఏఎన్ కింద చేరుతుంది. చేరిన తేదీ, మానేసిన తేదీ సర్వీస్ హిస్టరీలో, నెలనెలా జమ అయిన సొమ్ము పాస్‌బుక్‌లో ఉంటాయి. వెరిఫికేషన్ సంస్థలు ఈ సర్వీస్ హిస్టరీని అభ్యర్థి చేతే డౌన్‌లోడ్ చేయించి అడగడం ఇప్పుడు మామూలైపోయింది. పీఎఫ్ లేని ఉద్యోగమైనా, జీతంలోంచి పన్ను (టీడీఎస్) కోసి ఉంటే, ఆ కోతలన్నీ చూపే ఆదాయపు పన్ను శాఖ ఫారం 26ఏఎస్‌లో ఆ యాజమాన్యం పేరు కనబడుతుంది. ఏడు నెలల ఉద్యోగాన్ని ఇంటర్వ్యూలో రెండు నిమిషాల్లో వివరించవచ్చు. దాన్ని దాచి, పక్క ఉద్యోగాల తేదీలు సాగదీసి, చేరిన రెండో నెలలో పట్టుబడితే మాత్రం ఉద్యోగం పోవడమే కాకుండా రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు ఇచ్చే పత్రం) కూడా చేతికి రాకపోవచ్చు. తరచు మారినవారిని తీసుకునే కంపెనీలు చాలా ఉన్నాయి, తేదీలు దిద్దినవారిని తెలిసి తీసుకునే కంపెనీ ఒక్కటీ నాకు కనబడలేదు.

ఆ ఏడు నెలల గురించి అడిగినప్పుడు కారణం ఏదైతే అదే చెప్పాలి. టెస్టింగ్ అని తీసుకుని సపోర్ట్ షిఫ్టుల్లో వేశారా, ప్రాజెక్టు ఆగి పనేమీ ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టారా, లేక జీతం కోసమే వెళ్లాడా? జీతం కోసమే అయినా ఒకసారికి అది నేరమేమీ కాదు. పాత మేనేజరును తిట్టడం, నాలుగు కంపెనీల్లోనూ తప్పు ఎదుటివారిదే అని చెప్పడం మాత్రం చెడగొడతాయి.

మారాలా వద్దా అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇప్పుడు వద్దు. జీతాలు ఆలస్యమవుతుంటే, ప్రాజెక్టు మూతపడుతుంటే, ఆరోగ్యం పాడవుతుంటే నా సమాధానం వేరేగా ఉండేది; మీరు రాసినదాంట్లో అటువంటివేవీ లేవు. ఐదో కంపెనీలోనూ అతను ప్రొబేషన్‌తో మొదలుపెట్టాలి, ఆ కాలంలో తక్కువ నోటీసుతోనే పంపించే షరతు నియామక పత్రాల్లో సాధారణంగా ఉంటుంది. ఆ ఉద్యోగం ఏ కారణంతో పోయినా, తప్పు తనది కాకపోయినా, రెజ్యూమెలో అది ఇంకో చిన్న ఉద్యోగంగానే మిగులుతుంది. ఇప్పుడున్న చోట కనీసం రెండేళ్లు నిండేదాకా ఉండి, ఒక పెద్ద రిలీజ్ పూర్తిచేసి, వీలైతే చేత్తో చేసే మాన్యువల్ టెస్టింగ్ నుంచి ప్రోగ్రాములతో పరీక్షించే ఆటోమేషన్ వైపు అంతర్గతంగా మారితే, తర్వాత వచ్చే ఆఫర్‌ను అతనే బేరమాడగల స్థితిలో ఉంటాడు. ఈలోగా పాత కంపెనీల పీఎఫ్‌ను తీసేసుకోకుండా ఒకే ఖాతాకు బదిలీ చేయించుకోమనండి. అలా చేస్తే పాత సర్వీసు కలిసివస్తుంది, ఐదేళ్లు నిండకుండా తీసుకుంటే పన్ను పడుతుంది. గ్రాట్యుటీకి ఆ సదుపాయం లేదు: శాశ్వత ఉద్యోగికి ఒకే యాజమాన్యం దగ్గర ఐదేళ్లు కావాలి కాబట్టి, ఇప్పటిదాకా మారిన మూడు చోట్లా అతనికి వచ్చేది ఏమీ లేదు.

నా మాట కాదని ఆఫర్ తీసుకోవాలనే అనుకుంటే, అది అతని జీవితం, మీరు మరీ పట్టుబట్టకండి. కాకపోతే 35 శాతంలో ఎంత భాగం నెలజీతంగా వస్తుందో, ఎంత వేరియబుల్ పేగా (పనితీరును బట్టి ఇచ్చే మొత్తంగా) వస్తుందో చూసుకోమనండి. జాయినింగ్ బోనస్ ఉంటే ఏడాదిలోపు మానేసినవారు తిరిగి కట్టాలనే షరతు ఉందేమో చదవమనండి. ఆఫర్ లెటర్ కంపెనీ మెయిల్ నుంచి లిఖితపూర్వకంగా అందేదాకా ఇక్కడ రాజీనామా పెట్టకూడదు.