నాన్నగారికి రొమ్ములో గడ్డ.. నొప్పి లేదని ఆగొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. ఎడమ చనుమొన కింద గోలీ అంత గడ్డ ఉంది. నొప్పి లేదని నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చనుమొన లోపలికి లాక్కుపోయింది. బయాప్సీ చేయాలన్నారు. సూది గుచ్చితే పాకిపోతుందని బంధువులు భయపెడుతున్నారు. అసలు మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ వస్తుందా?
- ఓ పాఠకురాలు

జవాబు: వస్తుంది. చనుమొన వెనక మగవాళ్లకూ కొద్దిగా రొమ్ము కణజాలం ఉంటుంది. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో మగవాళ్లవి నూటికి ఒకటి కూడా ఉండవు. అందుకే ఎవరికీ అనుమానం రాదు, ఆలస్యంగా బయటపడుతుంది. ఈ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు కూడా.

మగవాళ్లలో రొమ్ము ఉబ్బితే ఎక్కువగా అది గైనకోమాస్టియానే, అంటే క్యాన్సర్ కాని రొమ్ము వాపు. చనుమొన చుట్టూ సమంగా, రబ్బరులా తగులుతుంది. నొక్కితే నొప్పి ఉండొచ్చు, తరచుగా రెండు వైపులా వస్తుంది. నాన్నగారిది ఒక వైపే, పైగా చనుమొన లోపలికి పోయింది. చేత్తో చూసి తేల్చే విషయం కాదిది. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్, ఆ వెంటనే బయాప్సీ ఈ వారంలోనే చేయించండి.

బయాప్సీతో జబ్బు ఒళ్లంతా పాకుతుందన్నది అపోహ. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, సూదితో చిన్న ముక్కలు తీస్తారు, అంతే. నన్నడిగితే, బయాప్సీ లేకుండా గడ్డ కోయించుకోవడమే పెద్ద పొరపాటు. ఏ జబ్బో తెలియకుండా కోస్తే చికిత్స ప్లాన్ చేయడం కష్టమవుతుంది. మామోగ్రామ్ గది బయట అందరూ ఆడవాళ్లే ఉంటారు, ఆయన ఇబ్బంది పడొచ్చు. మీరు పక్కనే ఉండండి.

క్యాన్సర్ అని తేలితే చాలామందికి రొమ్ము మొత్తం తీసేస్తారు. చంకలోని లింఫ్ గ్రంథులనూ పరీక్షిస్తారు. కీమో, రేడియేషన్ అవసరమా అన్నది దశను బట్టి ఉంటుంది. మగవాళ్లలో పదింట తొమ్మిది కేసులు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్ రకం, అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్‌తో పెరిగేవి. ఆ రకమైతే ఆ హార్మోన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర కనీసం 5 ఏళ్లు రోజూ వేసుకోవాలి. దాంతో ఒంట్లో వేడి ఆవిర్లు, లైంగిక కోరికలు తగ్గడం వంటివి ఉంటే కొందరు మగవాళ్లు సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేస్తారు. దయచేసి అలా కానివ్వకండి. ఈ మాత్ర వాడేటప్పుడు కాలు వాచినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

క్యాన్సర్ నిర్ధారణ అయితే ఆయనకు బీఆర్‌సీఏ జన్యు పరీక్ష (రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే జన్యు మార్పు ఉందేమో చూసేది) కూడా చేయించాలి. అందులో మార్పు కనిపిస్తే ఆ జన్యు మార్పు మీకూ వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. ఇంట్లో ఎవరికైనా రొమ్ము, అండాశయ, ప్రొస్టేట్ క్యాన్సర్లు వచ్చాయేమో పెద్దవాళ్లను అడిగి, రాసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.