సిస్టరమ్మను అడగండి: రాత్రి వార్డులో మెలకువగా ఉండేదెవరు?

(వరంగల్‌లో 36 ఏళ్లు స్టాఫ్ నర్సుగా, హెడ్ నర్సుగా పనిచేసి రిటైరైన సిస్టరమ్మ ఈ శీర్షికలో పాఠకుల ఉత్తరాలకు జవాబిస్తారు. మే 12 నర్సుల దినోత్సవం కదా, ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఆ పని గురించే వచ్చాయి.)

ప్రశ్న: మా అమ్మాయికి నీట్‌లో మంచి ర్యాంకు రాలేదు. బీఎస్సీ నర్సింగ్‌లో చేరతానని పట్టుబట్టింది. ఇంట్లో పెద్దవాళ్లు ‘పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తే పని మన పిల్లకెందుకు’ అంటున్నారు. నా సందేహం వేరు. డాక్టరు రాసింది చేయడమే కదా నర్సు పని, దానికి నాలుగేళ్ల చదువెందుకు?
- ఒక తండ్రి, పరకాల

జవాబు: అన్నా, మలమూత్రాలు ఎత్తే మాట నిజమే. నేనూ ఎత్తాను. ఎత్తేముందు చూస్తాం కూడా. మలం తారులా నల్లగా ఉంటే లోపల ఎక్కడో రక్తం కారుతోందేమోనని అనుమానించాలి. మూత్రం నిన్నటికంటే ఎంత తగ్గిందో కొలిచి రాయాలి. డాక్టరు గారు వచ్చి కొత్త చీటీ రాసేది ఆ కొలత చూశాకే.

ఒక రాత్రి సంగతి చెబుతాను. పత్తికి మందు కొట్టే రోజులు. వీపు మీది ట్యాంకు కారి, మందు ఒళ్లంతా పట్టిందని ఒక పాతికేళ్ల రైతును నర్సంపేట వైపు నుంచి తీసుకొచ్చారు. నోట్లో నురగ, కంటిపాపలు గుండుసూది మొనంత. విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టాం. పావుగంటకోసారి నాడి, కంటిపాప, ఛాతీలో గురగుర చూసి రాస్తూ కూర్చున్నాం. మూడో రోజుకు లేచి మాట్లాడాడు. రౌండ్స్‌లో డాక్టరు గారు ‘రెండ్రోజుల్లో పంపిద్దాం’ అన్నారు. వాళ్లమ్మ ఊరికి కబురు కూడా పంపింది.

ఆ రాత్రి రెండింటికి అటు వెళ్తే నీళ్లు తాగబోయి పొలమారి దగ్గుతున్నాడు. ‘ఏదీ, తల ఎత్తు తమ్ముడూ’ అన్నాను. దిండు మీంచి తల లేవలేదు. ‘నిద్రమత్తు సిస్టర్’ అని నవ్వాడు. ఆ రకం పురుగుమందుల్లో ఇదొక దొంగదెబ్బ. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, ఇక గండం గడిచిందనుకున్నాక, ముందు మెడ కండరాలు సడలుతాయి, ఆ వెనకే ఊపిరి కండరాలు. పరుగెత్తి డ్యూటీ డాక్టరును లేపాను. గొంతులో గొట్టం వేసేసరికే పెదాలు నీలమయ్యాయి. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. తర్వాత తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లాడు. మెడ ఎత్తించి చూడమని ఆ రోజు కేస్ షీట్‌లో ఎవరూ రాయలేదన్నా.

కనిపెట్టుకుని ఉండటం అంటాం చూడండి, ఆ మాటలో కాచుకోవడమూ ఉంది, పసిగట్టడమూ ఉంది. కాచుకోవడం ఇంట్లో అమ్మకూ వచ్చు. నాలుగేళ్లు చదివేది రెండోదాని కోసం.

డాక్టరు రాసింది చేయడమనేది కూడా అంత తేలిక కాదు. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ను సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కిస్తే మనిషి తేరుకుంటాడు. అదే మందును నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. తెల్లవారుజామున హడావుడిగా రాసిన చీటీలో ‘కలిపి’ అన్న మాట జారిపోతే, దాన్ని పట్టుకోవాల్సింది సిరంజి చేతిలో ఉన్న మనిషే.

జీతం సంగతి దాచను. గవర్నమెంటు పోస్టు వస్తే నిశ్చింత. ప్రైవేటులో మొదటి రెండు మూడేళ్లు మీ అమ్మాయి మీకు ఫోన్ చేసి ఏడుస్తుంది, సిద్ధంగా ఉండండి. కాలేజీకి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, కాళోజీ హెల్త్ యూనివర్సిటీ అనుబంధం ఉన్నాయో లేదో చూసుకోండి. పిల్లలను ట్రైనింగ్‌కు పంపే ఆసుపత్రికి చెప్పకుండా వెళ్లి, మంచాల మీద రోగులున్నారో లేదో కళ్లారా చూడండి. బొమ్మకు ఇంజెక్షన్ చేసి పాసైన పిల్లలు మా వార్డుకు వస్తే మేం పడ్డ టెన్షన్ మాకే తెలుసు.

ప్రశ్న: కాలేజీలో వ్యాసరచన పోటీ ఉంది. నైటింగేల్‌కు ముందు నర్సులే లేరా? మన దేశంలో ఈ వృత్తి ఎప్పటి నుంచి ఉంది?
- ఇంటర్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: బిడ్డా, మిగతావాళ్లంతా చేతిలో దీపం పట్టుకున్న నైటింగేల్ బొమ్మతో మొదలుపెడతారు. నువ్వు మురుగు కాలువతో మొదలుపెట్టు.

క్రిమియా యుద్ధం జరుగుతుండగా 1854 నవంబరులో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలను వెంటబెట్టుకుని టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. అక్కడ సైనికులు తూటాలకంటే కలరాకు, టైఫస్‌కు, విరేచనాలకే ఎక్కువగా పోతున్నారు. ఆమె రాత్రింబవళ్లు చాకిరీ చేసింది. అయినా ఆ చలికాలం చావులు ఆగలేదు. ఆసుపత్రి కిందే మురుగు పేరుకుని ఉంది మరి. 1855 మార్చిలో బ్రిటన్ నుంచి వచ్చిన పారిశుధ్య బృందం కాలువలు బాగుచేయించి, గోడలకు సున్నం వేయించాక మార్పు కనిపించింది. ఫిబ్రవరిలో నూటికి 42 మంది పోతున్నచోట జూన్ నాటికి ఇద్దరికి దిగింది. ఇంటికి తిరిగొచ్చాక ఆమె ఆ అంకెలన్నీ ముందేసుకుని కూర్చుంది. 1858లో రంగుల చక్రంలాంటి పటం అచ్చు వేయించింది. ఆపగలిగిన జబ్బులతో పోయినవాళ్లు నీలం, గాయాలతో పోయినవాళ్లు ఎరుపు. నీలమే ఎక్కువ. సేవ ఒక్కటే చాలలేదని తన లెక్కలే చెబుతుంటే వాటిని దాచుకోలేదు చూడు, నాకు ఆమె మీద గౌరవం అక్కడ. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరు మీద నర్సింగ్ బడి తెరిచారు. నర్సింగ్ మీద ఆమె రాసిన పుస్తకంలో రోగిని గమనించడం గురించే ఒక అధ్యాయం ఉంది. అదే యుద్ధానికి మేరీ సీకోల్ అనే జమైకా స్త్రీ కూడా వస్తానంది. లండన్‌లో కాదన్నారు. సొంత ఖర్చుతో వెళ్లి సైనికులను చూసుకుంది. ఆమె గురించి నాలుగు వాక్యాలు రాయి, ఇంకెవరూ రాయరు.

ఇక మన సంగతి. చరక సంహిత వైద్యానికి నాలుగు పాదాలంటుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి ఉపచారం తెలిసి ఉండాలి, నేర్పు, ప్రేమ, శుభ్రత ఉండాలి. ఇప్పటి పద్ధతి శిక్షణ మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1871లో మొదలైంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947లో వచ్చింది.

ఈ తేదీలు ఎవరైనా రాస్తారు. నేను చెప్పగలిగింది మా అమ్మమ్మ గురించి. ఆమె మంత్రసాని. పొట్ట మీద అరచెయ్యి ఆనించి బిడ్డ తల ఎటుందో చెప్పేది, తప్పేది కాదు. బొడ్డు మాత్రం కొడవలితో కోసేది. వారం తిరిగేసరికి కొందరు పసివాళ్లు పాలు పట్టలేక, ఒళ్లు విల్లులా వంగి చనిపోయేవాళ్లు. గాలి సోకిందనేవారు. అది ధనుర్వాతమని ట్రైనింగ్‌లో చదివిన రోజు హాస్టల్లో నాకు నిద్ర పట్టలేదు. సెలవులకు వచ్చి చెబితే అమ్మమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. పొయ్యిలో కట్టెలు ఎగదోసి, ‘మరి అప్పుడెవ్వరు చెప్పకపోయిరి బిడ్డా’ అంది. ఆ తర్వాత ఎక్కడికి పిలిచినా కొత్త బ్లేడు తెప్పించి, నీళ్లలో మరిగించాకే పట్టుకుంది. కాన్పులు ఆసుపత్రులకు మారడం, ఏఎన్ఎంలు ఊరూరా తిరిగి గర్భిణులకు ధనుర్వాతం రాకుండా టీటీ సూదులు వేయడం వల్ల ఆ జబ్బు తగ్గింది. మన దేశంలో తల్లీబిడ్డల ధనుర్వాతం నిర్మూలన 2015లో ఖరారైంది.

ప్రశ్న: మా నాన్నను వరంగల్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాం. సెలైన్ అయిపోయిందని మూడుసార్లు చెబితే సిస్టర్ ‘పోయి కూర్చో, వస్తా’ అని కసురుకుంది. సేవ అంటే ఇదేనా?
- ఒక పాఠకుడు, జనగామ

జవాబు: కసురుకోవడం తప్పే తమ్ముడూ. నేనూ కసురుకున్నదాన్నే. ఒక సద్దుల బతుకమ్మ రాత్రి ఇద్దరమే డ్యూటీలో ఉన్నాం, వార్డులో 46 మంది. ఒక పెద్దాయన పది నిమిషాలకోసారి ‘టైమెంతయింది బిడ్డా’ అని అడుగుతుంటే ‘టైముతో నీకేం పని తాతా’ అని అరిచాను. రెండు కళ్లకూ కట్టు ఉంది ఆయనకు. పగలో రాత్రో తెలియక అడుగుతున్నాడు. ఆ సంగతి నాకు తట్టేసరికి తెల్లారింది.

టీచింగ్ ఆసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మీ నాన్నగారి వార్డులో ఎంతమందికి ఒకరున్నారో మీరే లెక్కపెట్టి ఉంటారు. ఆ కోపం సూపరింటెండెంట్‌కు కాగితం మీద రాసివ్వండి, మాకూ మేలు చేసినవారవుతారు.

సెలైన్ సీసా ఖాళీ కాగానే గాలి లోపలికి పోయి ప్రాణం పోతుందని అందరికీ భయం. పైన వేలాడే మామూలు సీసా అయితే నీళ్లు గొట్టంలో కొంత దూరం దిగి ఆగిపోతాయి. రక్తం కాస్త వెనక్కి వచ్చి సూది మూసుకుపోవచ్చు, అందుకని చెప్పడం మంచిదే. అది నాలుగు నిమిషాలు ఆగుతుంది. ఆగనివి వేరే ఉన్నాయి: ఆయాసం, ఉన్నట్టుండి చల్లటి చెమటలు, పిలిస్తే పలకకపోవడం. ‘సిస్టర్, ఒకసారి రండి’ అనకుండా ‘మా నాన్న పలకడం లేదు’ అనండి.

ప్రశ్న: పక్షవాతంతో మంచాన పడిన మా అత్తమ్మకు నడుము కింద ఎర్రగా కమిలింది. పసుపు పెట్టవచ్చా?
- ఒక కోడలు, ములుగు

జవాబు: వద్దమ్మా. పౌడరూ వద్దు, మర్దనా వద్దు. వేలితో నొక్కి తీస్తే ఎరుపు తెల్లబారడం లేదంటే పుండు మొదలైనట్టే, ఏఎన్ఎంకో డాక్టరుకో చూపించు. రెండు గంటలకోసారి పక్క మార్చు. ఈడ్చవద్దు, కింద దుప్పటి పట్టుకుని ఇద్దరు కలిసి ఎత్తి జరపండి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టు. బట్టతో చుట్టకుదురులా చేసి కింద పెడతారు కొందరు, దానివల్ల చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది. గుడ్డు, పప్పు తినగలిగితే బాగా పెట్టు. పక్క మార్చిన టైము గోడమీది క్యాలెండర్ మీద రాసుకో. నువ్వు నిద్రపోతే మీ ఆయన మార్చాలి, అది కూడా రాసి పెట్టు.

ప్రశ్న: ఇప్పుడు నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు కదా, మీరు ఇంకా సిస్టరమ్మ అని ఎందుకు పెట్టుకున్నారు?
- ఒక నర్సింగ్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఆఫీసర్ అని పిలిపించుకో బాబూ, ఆ హోదా రావాల్సిందే. నా బ్యాచ్‌లో మగపిల్లలను ‘బ్రదర్’ అనాలో ‘సార్’ అనాలో తెలియక పేషంట్లు ‘ఓ నర్సన్నా’ అనేవాళ్లు. సిస్టర్ అన్న పిలుపు చర్చి ఆసుపత్రుల్లో సేవ చేసిన సన్యాసినుల నుంచి వచ్చింది. నాకు అంతకంటే నచ్చిన పేరు ఒకటుంది. మేడారం జాతర డ్యూటీలో ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ మా క్యాంపు గుడారం ముందు నిలబడి, ‘సూదమ్మ ఉన్నదా?’ అని అడిగింది. సంపాదకులు ఆ పేరుకు ఒప్పుకోలేదు.