ఫ్యాన్ తిరిగితే పవర్ సప్లై బాగున్నట్టేనా?

ప్రశ్న: ఇంట్లోనే డీటీపీ పని చేసుకుని బతుకుతున్నాను. మూడేళ్ల వారంటీతో హైదరాబాద్‌లో కొన్న కంప్యూటర్ పవర్ సప్లై (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఏడాది తిరగకుండానే పాడైంది. కంప్యూటర్ ఆన్ కావడం లేదు. స్నేహితుడి పవర్ సప్లై తగిలిస్తే ఆన్ అయింది. దుకాణదారు మాత్రం ‘ఫ్యాన్ తిరుగుతోంది, లోపం మీ మదర్‌బోర్డుదే’ అని తిప్పి పంపాడు. 20 నెలలుగా ఫోన్లు చేస్తున్నాను. బిల్లు పోయింది. పెళ్లిపత్రికల ఆర్డర్లు పోయి అప్పులపాలయ్యాను. మెకానిక్ దాన్ని విప్పి కెపాసిటర్ మారుస్తానంటున్నాడు. మార్పించుకోనా?

జవాబు: విప్పించవద్దు. ఆ పెట్టె సీలుతో ఉన్నంతవరకే అది సాక్ష్యం. సీలు తెగిన మరుక్షణం ‘వీళ్లే పాడుచేశారు’ అన్న వాదన అవతలివాళ్ల చేతికి వస్తుంది. పైగా ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

మీ కేసును నిలబెట్టేది అప్పుల కథ కాదు, స్నేహితుడి పవర్ సప్లైతో అదే కంప్యూటర్ ఆన్ అయిందన్న ఒక్క వాక్యం. కంప్యూటర్‌కు తగిలించకుండా, పవర్ సప్లైలోని ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి దాని ఫ్యాన్ తిప్పి చూపడం పరీక్ష కాదు. లోడు పడినప్పుడు, అంటే కంప్యూటర్ కరెంటు లాగుతున్నప్పుడు, 12 వోల్టుల తీగలో సాధారణంగా 11.4కు తగ్గకుండా రావాలి. దుకాణదారు అది కొలిచాడా? స్నేహితుడి ఎదుట రెండు పవర్ సప్లైలూ మార్చి మార్చి పెట్టి, సీరియల్ నంబరు కనిపించేలా వీడియో తీయండి. స్నేహితుడి ప్రమాణపత్రం, మరో టెక్నీషియన్ రాతపూర్వక నివేదిక జతచేయండి. వీడియోను సాక్ష్యంగా చూపడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రం కూడా సిద్ధం చేసుకోండి.

ఇక మీ నిర్లక్ష్యం సంగతి. 20 నెలల్లో ఒక్క ఉత్తరమైనా రాయలేదే! వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. ఫోన్లు చేసినంత మాత్రాన అది పెరగదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసినా ఆగదు. పవర్ సప్లై ఆగిపోయిన రోజు నుంచే లెక్క వేసుకుని, ఆలోపే కేసు వేయండి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది కానీ, ‘ఫోన్లు చేస్తూ కూర్చున్నాను’ అన్నది తగిన కారణంగా నిలవడం కష్టం.

బిల్లు నకలు దుకాణంలో అడగండి. ఇవ్వకపోతే చెల్లింపు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, సీరియల్ నంబరున్న అట్టపెట్టె పనికొస్తాయి. ఈ వారమే దుకాణానికీ తయారీ సంస్థకూ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కొన్న ధర 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. స్వయం ఉపాధి కోసం కొన్నారు కనుక ‘వాణిజ్య అవసరానికి కొన్నారు, మీరు వినియోగదారు కారు’ అన్న అభ్యంతరం నిలవదు. వస్తువును ప్రయోగశాలకు పంపమని 38వ సెక్షన్ కింద కోరండి. ఆ ఖర్చు మొదట మీరే కట్టాలి. పోయిన ఆర్డర్లకు పరిహారం అడగాలంటే వాటి సందేశాలు, అడ్వాన్సు తిరిగి ఇచ్చిన రసీదులు ఇప్పుడే వెతికి పెట్టుకోండి.